పోరగాళ్లకు మైకు ఇయ్యని ఉద్యమం

పోయిన శుక్రవారం సాయంత్రం, ఆఫీసులు అయ్యాక, రాఫెల్స్ ప్లేస్‌లో కలిశాం. పాత జాన్ లిటిల్ దుకాణం ముఖద్వారంలా కట్టిన ఎంఆర్‌టీ గేటు దాటితే నడుమ గడ్డి ఉంటుంది కదా, ఆ పక్కనే. పదహారు మందిమి. చుట్టూ బ్యాంకుల మేడలు. అందరి మెడల్లో ఇంకా ఆఫీసు కార్డులు వేలాడుతూనే ఉన్నాయి. 2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం చేసిన తర్వాత మేమంతా ఒకచోట చేరడం అదే మొదటిసారి. ఒకాయన మిఠాయి డబ్బా తెచ్చాడు. ఒకాయన కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను.

తర్వాత అసలు పనికి వచ్చాం. అక్టోబర్‌లో బతుకమ్మకు హాలు ఎక్కడ, పూలు ఎవరు తెప్పిస్తారు, ఫ్లెక్సీ మీద ఎవరెవరి ఫొటోలు. ఫొటోల మీద ముప్పావు గంట నడిచింది. చివర్లో వచ్చే ఏడాది కమిటీ. అది మూడు నిమిషాల్లో అయిపోయింది. "పాత కమిటీనే ఉంచుదాం, అందరికీ ఓకేనా?" "ఓకే." చప్పట్లు. ఏకగ్రీవం. కమిటీలో అందరికన్నా చిన్నవాడికి నలభై ఒకటి. నేను మూడోసారి కోశాధికారిని.

ఆ పదహారు మందిలో నలుగురు పాతికేళ్ల లోపు పిల్లలు. ప్రతి సభకు సౌండ్ బాక్సు మోసుకొచ్చేది ఒకడు. రాత్రి రెండు దాకా కూర్చొని వీడియోలు కత్తిరించేది ఒకమ్మాయి. ఫేస్‌బుక్ పేజీ నడిపేది ఇంకొకడు. నాలుగోవాడు హాలు తుడుస్తాడు, కుర్చీలు వేస్తాడు, అందరూ పోయాక కుర్చీలు తీస్తాడు. చప్పట్లు ఆగినంక అతనే లేచి అడిగాడు: "అన్నా, కమిటీలకు రావాలంటే ఏం చేయాలె?"

అందరూ నవ్వారు. "జర ఆగు తమ్మీ. ముందుగాల పీఆర్ తెచ్చుకో, పెండ్లి చేసుకో, అటెన్క చూద్దాం" అన్నారు ఒక పెద్దమనిషి. మళ్లీ నవ్వులు. అతనూ నవ్వాడు, ఏం చేస్తాడు? నేనూ నవ్వాను. ఇంటికి పోయే రైలులో ఆ నవ్వు నా మీదికే తిరిగి వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. రాయాల్సిన అవసరం కూడా లేదు. డల్లాస్‌లో, లండన్‌లో, మెల్‌బోర్న్‌లో చదువుతున్న మీలో చాలామందికి ఇది మీ ఊరి సంగతే అనిపిస్తుంది.

మిత్రులారా, మనం వాడే ఫ్లెక్సీలు ఒక్కసారి సరిగ్గా చూడండి. పైన నాయకుల మొఖాలు. కింద, దండ వేసిన ఫొటోలో శ్రీకాంతాచారి. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్‌లో ఆ పిల్లగాడు ఏం చేసుకున్నాడో మనకు తెలుసు. డిసెంబర్ 3న పోయాడు. మన సభల్లో ప్రతిసారీ రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం, ఆ తర్వాత ఆయన వయసు పిల్లలను సౌండ్ బాక్సు దగ్గరికి పంపిస్తాం. చచ్చిపోవడానికి ఆ వయసు సరిపోయింది. కమిటీలో కూర్చోవడానికి సరిపోలేదు.

"బలిదానం" అన్న మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. బలి ఇచ్చేవాడు ఒకడుంటాడు, బలి అయ్యేది ఇంకొకరు. పిల్లలు ప్రాణాలు తీసుకోవద్దని జేఏసీ పెద్దలు చేతులు జోడించి అడిగారు, నిజమే. కానీ బతికి ఉండి మాట్లాడాలనుకునే పిల్లలకు మనం చూపించిన జాగా ఏది? చనిపోతే స్తూపం, బతికితే కుర్చీలు మోసే పని. ఈ రెండిటి నడుమ ఇంకేమీ పెట్టకపోవడం మన తప్పు.

చరిత్ర తెలిసిన వాళ్లకు ఇది కొత్త కాదు. 1952లో ముల్కీ ఆందోళన విద్యార్థులదే. అది హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది. 1969లో పాల్వంచ థర్మల్ స్టేషన్ ఉద్యోగాల గొడవ రాష్ట్రం మొత్తానికి అంటుకున్నది ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాక. ఆ ఏడాది 369 మంది పోయారని మనం చెప్పుకుంటాం, గన్‌పార్కులో దండం పెట్టుకుంటాం. కానీ ఉద్యమం పగ్గాలు చెన్నారెడ్డి గారి చేతికి పోయాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి పది సీట్లు గెలిచింది. అదే ఏడాది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. కలపాలా వద్దా అన్న ముచ్చటకు వీధిలో లాఠీలు తిన్న పిల్లల ఓటు అవసరం పడలేదు. ఎందుకంటే వాళ్లు ఉద్యమానికి కాళ్లు మాత్రమే, తలకాయ వేరే వాళ్లది.

2009లో సంగతి వేరేగా జరిగింది, అది మనం మరిచిపోతున్నాం. నవంబర్ 30న దీక్ష విరమించారన్న వార్త రాగానే ఉస్మానియా విద్యార్థులు ఏం చేశారు? ఇంటికి పోలేదు. నాయకుడినే నిలదీస్తూ రోడ్డెక్కారు. దీక్ష సాగింది, డిసెంబర్ 9 ప్రకటన వచ్చింది. ఆ రాత్రి వాళ్లు ఇచ్చింది ప్రాణాలు కాదు, రాజకీయ తీర్పు. పెద్దల లెక్క తప్పు, మా లెక్క ఒప్పు అన్నారు, చరిత్ర వాళ్ల లెక్కనే ఒప్పుకున్నది. ఆ తీర్పును మనం ఎక్కడా ఫ్లెక్సీ వేసుకోలేదు.

ఆ తీర్పు చెప్పిన పిల్లలకు తమ యూనివర్సిటీలో ఓటు లేదు. ఇది చాలామంది పరదేశం మిత్రులకు గుర్తు కూడా లేదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆపేశారు. అప్పటినుంచి ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా అదే పాట. నేను ఉస్మానియాలో చదివిన రెండేండ్లలో హాస్టల్ మెస్ కమిటీ మీద కూడా ఓటు వేయలేదు. 1989లో దేశం మొత్తం మీద ఓటు వయసు 21 నుంచి 18కి దించారు. అంటే ప్రధానమంత్రిని మార్చే తెలివి 18 ఏళ్లకే వచ్చిందని ఢిల్లీ ఒప్పుకుంటున్న రోజుల్లోనే, క్యాంటీన్ సంగతి తేల్చుకునే తెలివి కూడా మీకు లేదని హైదరాబాద్ చెప్పింది. లింగ్డో కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. క్యాంపస్ ఎన్నికలు పెట్టండి, ఇదిగో ఖర్చు పరిమితి, ఇదిగో వయసు పరిమితి అని రాసింది. సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. మన దగ్గర ఫైలు కదలలేదు. అదే ఊళ్లో, గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు ఎన్నికలు పెట్టుకుంటున్నారు, డిబేట్లు పెట్టుకుంటున్నారు, ఓడిపోతున్నారు, మళ్లీ నిలబడుతున్నారు. ఆ గోడ అవతల వాళ్లు మనుషులు, ఇవతల ఉస్మానియా పోరగాళ్లు లాఠీ తినే సామాన్లా?

గొడవలు అవుతాయని ఆపామంటారు. ఎన్నికలు ఆపినంక గొడవలు ఆగినాయా? ఆగింది గొడవ కాదు, కింది నుంచి నాయకుడు పుట్టే తొవ్వ. అందుకే మన రాష్ట్రంలో ఇవాళ "యువ నాయకుడు" అంటే నాయకుడి కొడుకు అని అర్థం. విద్యార్థుల ఎన్నికలు రద్దయ్యాయి గానీ కొడుకుల వారసత్వం రద్దు కాలేదు.

"రాజకీయాల్లో పడితే చదువు పాడైతది" అని మన సభలో ఒక ఇంజనీరు గారు అన్నారు. అయ్యా, 2009 నుంచి ఎన్ని పరీక్షలు వాయిదా పడ్డాయో, ఎన్ని సెమిస్టర్లు ఊగిసలాడాయో మీకు యాది లేదా? 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు ట్యాంక్‌బండ్ ఎక్కిన పిల్లల వీడియో మీరే కదా నాకు పంపింది, "మన పులులు" అని రాసి? మన కోసం క్లాసులు ఎగ్గొడితే పులులు, తమ కోసం ఒక ఓటు అడిగితే చదువు పాడైతదా?

ఆ పులుల మీద కేసులు ఉన్నాయి. ఇది మనం అందరికన్నా ఎక్కువ పట్టించుకోవాల్సిన ముచ్చట. ఎందుకంటే పోలీసు వెరిఫికేషన్ అంటే ఏందో మనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మన చేతిలో ఉన్న పాస్‌పోర్టుకు ఒక కానిస్టేబుల్ ఇంటికి వచ్చి పోయాడు, "కేసులు లేవు" అని రాసుకొని పోయాడు. మనకు కేసులు లేకపోవడానికి కారణం మనం అప్పుడు ఇక్కడ ఉండడం. వాళ్లకు కేసులు ఉండడానికి కారణం వాళ్లు అక్కడ ఉండడం. ఒకే ఊరు, ఒకే కాలేజీ, ఒక బ్యాచ్ తేడా. నా జూనియర్ ఒకతను ఉద్యోగం అప్లికేషన్‌లో ఆ గడి దగ్గర ఆగిపోయి నాకు మెసేజ్ పెట్టాడు, "అన్నా, ఇక్కడ ఏం రాయాలె" అని. నేను రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. ఇవ్వడానికి నా దగ్గర ఏముంది?

ఇప్పుడు ఊరి సంగతికి వస్తాను. ఏకగ్రీవం అనే రోగం రాఫెల్స్ ప్లేస్‌లో పుట్టలేదు, మనమే ఊరి నుంచి మూటగట్టి తెచ్చుకున్నాం.

2013 జూలైలో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి, 23న, 27న, 31న. రెండో విడతకు మూడో విడతకు నడుమ ఢిల్లీ తీర్మానం వచ్చింది. ఆ పండుగలో ఈ ఎన్నికలు ఎవరికీ కనబడలేదు. 2011లోనే పాత పాలకవర్గాల గడువు అయిపోతే దాదాపు రెండేండ్లు ఊళ్లను ప్రత్యేకాధికారుల చేతిలో పెట్టారు. అదీ ఎవరికీ కనబడలేదు. పంచాయతీకి నిలబడాలంటే 21 ఏళ్లు చాలు, అసెంబ్లీకి 25 కావాలి. అంటే ఈ దేశంలో ఒక పిల్లకు అందరికన్నా ముందు తెరుచుకునే తలుపు ఊరి పంచాయతీదే.

జనగామ దగ్గర మా ఊళ్లో నా మేనకోడలు ఆ తలుపు తట్టింది. ఇరవై రెండేండ్లు, డిగ్రీ అయింది. వార్డు మెంబరుకు నామినేషన్ వేసింది. సగం సీట్లు ఆడవాళ్లకు కదా, ఆ వార్డు మహిళలదే. ఆ రాత్రే పెద్దమనుషులు గుడి దగ్గర కూర్చున్నారు. ఏకగ్రీవం అయితే ఊరికి సర్కారు పైసలు వస్తయి, లొల్లి ఎందుకు అన్నారు. ఎవరి భార్య ఏ వార్డుకో రాసుకున్నారు. భార్యల పేర్లు కూడా కాదు, భర్తల పేర్లే రాసుకున్నారట. తెల్లారి మా బావ దగ్గరికి వచ్చి "బిడ్డను ఉపసంహరించుకోమను" అన్నారు. బావ నాకు ఫోన్ చేశాడు. "నువ్వు చెప్తే వింటది."

నేను చెప్పాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను. "ఇప్పుడెందుకమ్మా, రాష్ట్రం రానీ, అప్పుడు చూద్దాం" అన్నాను. ఆ పిల్ల ఒక్క మాట అన్నది: "మామా, మోరీ తీయడానికి కూడా రాష్ట్రం రావాల్నా?"

ఉపసంహరించుకుంది. ఊరు ఏకగ్రీవం అయింది. మోరీ అట్లనే ఉంది.

ఏకగ్రీవం అంటే అందరి ఒప్పందం కాదు. కొందరిని అడగకుండా ముగించడం. ఓటు ఉంటే కనీసం ఓడిపోయేవాడికి ఎన్ని ఓట్లు వచ్చాయో తెలుస్తుంది, వచ్చేసారి అతని దగ్గరికి గెలిచినవాడే వస్తాడు. ఏకగ్రీవంలో అతను అసలు ఉన్నట్టే ఎక్కడా రాసి ఉండదు. ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్న మనకు ఇది కొత్తగా చెప్పాలా? విశాలాంధ్ర పేరుతో 1956లో మనకు చెప్పిన కథ కూడా ఇదే కదా, ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, మీరొక్కరే ఎందుకు లొల్లి చేస్తరు అని.

పిల్లలకు అనుభవం లేదు అంటారు. ఇక్కడ ఒక సంగతి చెప్తాను, మన రాష్ట్రం గురించి మనమే గొప్పగా చెప్పుకోవాల్సింది, ఎన్నడూ చెప్పుకోనిది. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ 2006 నుంచి మన దగ్గర నడుస్తోంది. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టారు. ఆ తనిఖీ చేసేది ఎవరు? చార్టర్డ్ అకౌంటెంట్లు కాదు. కూలీల ఇండ్లలో పుట్టి కొంత చదువుకున్న పిల్లలు. కొన్ని రోజుల శిక్షణ ఇస్తారు. వాళ్లు మస్టర్ రోల్ కాగితాలు పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. "అవ్వా, నువ్వు ఫలానా వారం పని చేసినట్టు ఉంది, పైసలు వచ్చినయా?" అని అడుగుతారు. చెరువు పూడిక తీశామని రాసిన దగ్గర టేపు పెట్టి కొలుస్తారు. చనిపోయినవాళ్ల పేరు మీద కూలి లేచిన సంగతులు అట్లనే బయటపడ్డాయి. ఆఖరుకు మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందు, ఊరి జనం ముందు లేచి నిలబడి చదువుతారు. ఆ అధికారి ముందు ఆ పిల్లల తండ్రి ఎన్నడూ కూర్చొని ఎరగడు.

అన్ని చోట్లా పైసలు తిరిగి వచ్చాయని, అందరికీ శిక్షలు పడ్డాయని నేను అనను. కానీ ఒక పిల్లకు ఒక కాగితం, ఒక టేపు, లేచి మాట్లాడే ఒక హక్కు ఇస్తే ఏం చేయగలదో అక్కడ కనిపిస్తుంది. అనుభవం అట్లనే వస్తుంది. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుం లేదు, మండలంలో ఐదు రూపాయలు. మనం బతుకమ్మ ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో ఎన్ని మండలాల లెక్కలు బయటికి తీయొచ్చో కోశాధికారిగా నేను వేసి చూశాను. అంకె చెప్తే మీరు నన్ను తిడతారు.

ఇక మన సింగపూర్ సంగతి. రాఫెల్స్ ప్లేస్ నుంచి పది నిమిషాలు నడిస్తే హాంగ్ లిమ్ పార్కు. 2000 నుంచి అక్కడ స్పీకర్స్ కార్నర్ ఉంది. 2013 ఫిబ్రవరిలో జనాభా శ్వేతపత్రం మీద వేలమంది వచ్చారు. మనలాంటి వాళ్లు ఎక్కువ వస్తున్నారన్నదే అక్కడ ఒక పెద్ద బాధ, ఆ ముచ్చట వేరే. మనం అక్కడ లేచి మాట్లాడలేం, పర్మిట్ కావాలి. ఇంకోవైపు నడిస్తే మెర్లయన్ పార్కు. 2013 మే నెలలో మలేషియా ఎన్నికల మీద నిరసనకు కూడిన 21 మంది మలేషియా వాళ్లను అక్కడే అరెస్టు చేశారు. అందుకే మనం "సభ" అనం, "చాయ్ ముచ్చట" అంటాం. బ్యానర్ కట్టం. గొంతు పెంచం. నోరు ఉండి మాట్లాడలేకపోవడం ఎట్లుంటదో ఈ ఊళ్లో పదేండ్ల నుంచి మనకు తెలుసు. తెలిసి కూడా మన పిల్లలకు అదే చేస్తున్నాం, అదీ ఏ చట్టమూ చెప్పకుండానే.

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల సంగతి ఇంకా అన్యాయం. పీఆర్ తీసుకున్న ఇండ్లలో కొడుకుకు పద్దెనిమిది రాగానే నేషనల్ సర్వీసు పిలుపు వస్తుంది. సింగపూర్ సర్కారు ఆ పిల్లగాడిని నమ్మి చేతికి తుపాకీ ఇస్తుంది. మనం మైకు ఇయ్యం. వాడు బతుకమ్మ నాడు వచ్చి, "నాన్నా ఎంత సేపు" అని అడిగి, ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. "మన పిల్లలకు ఊరి మీద ప్రేమ లేదు" అని ఇంటికొచ్చి బాధపడతాం. పని ఇవ్వకుండా ప్రేమ ఎక్కడి నుంచి వస్తుంది? (ఆడవాళ్ల గురించి విడిగా రాయాలి. పూలు పేర్చేది వాళ్లు, వంటలు వాళ్లవి, ఆట వాళ్లది, స్టేజీ మీద శాలువాలు మగవాళ్లవి.)

పిల్లల కోసం "యూత్ వింగ్" పెడదామని ఒక సలహా వచ్చింది. వద్దు. యూత్ వింగ్ అంటే పెండ్లిలో పిల్లలకు వేరే బంతి వేసినట్టు. దానికి ఖాతా ఉండదు, ఓటు ఉండదు, ఒక టీషర్టు ఉంటుంది. నేను అడుగుతున్నది వేరే. తొమ్మిది మంది కమిటీలో ముగ్గురు పాతికేళ్ల లోపు వాళ్లు ఉండాలి, ఓటుతో. బ్యాంకు ఖాతా మీద రెండో సంతకం వాళ్లలో ఒకరిది కావాలి. లెక్కలు ప్రతి మూడు నెలలకు వాళ్లే చదివి వినిపించాలి, నా లెక్కలతో సహా. అమరుల కుటుంబాలకు చెక్కు ఇచ్చి ఫొటో దిగే డబ్బులో సగం, కేసుల్లో ఇరుక్కున్న విద్యార్థుల వకీలు ఖర్చుకు పోవాలి. ఫొటో ఉండదు, తెలుసు.

హైదరాబాద్ నుంచి నాయకులు ఇక్కడికి వస్తూనే ఉంటారు, మన ఇండ్లలోనే దిగుతారు, మన కార్లలోనే తిరుగుతారు. ఇకనుంచి బిర్యానీ పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: తెలంగాణ వచ్చిన మొదటి విద్యా సంవత్సరంలోనే విద్యార్థి సంఘాల ఎన్నికలు పెడతారా, పెట్టరా? విద్యార్థుల మీద కేసులు ఎత్తేస్తారా, ఏ నెలలో? ఏ పార్టీ అయినా సరే. "పరిశీలిస్తాం" అన్నవాళ్ల పేరు రాసి పెట్టుకోండి. రాష్ట్రం రాకముందే ఈ మాట తీసుకోవాలి. వచ్చినంక మనల్ని ఎయిర్‌పోర్టులో కూడా గుర్తుపట్టరు.

ఈ నెల ఆఖరి శుక్రవారం మళ్లీ అదే గడ్డి దగ్గర కలుస్తున్నాం. కోశాధికారి పదవికి నేను రాజీనామా కాగితం ఇచ్చాను. కుర్చీలు వేసే ఆ పిల్లగాడి పేరు నేను ప్రతిపాదిస్తున్నాను. అతనికి ఇంకా పీఆర్ రాలేదు, పెండ్లీ కాలేదు. బలపరిచే ఒక్క చేయి కావాలి. నిన్న రాత్రి మన పెద్దమనిషి ఒకరు ఫోన్ చేశారు. "ఎందుకయ్యా ఈ లొల్లి, ఆ పోరన్నే పెట్టుకుందాం తియ్, ఏకగ్రీవంగ చేసుకుందాం" అన్నారు. వద్దన్నాను. ఇంకొక పేరు కూడా తెమ్మన్నాను, చీటీలు నేను పట్టుకొస్తాను అన్నాను.